పీజీ క్వాంటం మెకానిక్స్: ఏ వరుసలో చదవాలి, లెక్క ఎక్కడ తప్పుతుంది

"పుస్తకం చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. లెక్క ముందు కూర్చుంటే చెయ్యి కదలదు." ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఈ మాటకే రకరకాల రూపాలు. మిగతా సగం "ఏ పుస్తకం కొనాలి?" అన్నది. రెండోదానికి జవాబు తేలిక. మొదటిదాని కోసమే ఇంత పొడవున రాయాల్సి వచ్చింది.

డిగ్రీలో మనం క్వాంటం మెకానిక్స్‌ను ఒక అవకలన సమీకరణంగా నేర్చుకుంటాం. పొటెన్షియల్ ఇస్తారు, ష్రోడింగర్ సమీకరణం రాస్తాం, సరిహద్దుల దగ్గర అతికిస్తాం, శక్తి విలువలు వస్తాయి. పీజీలో అడుగుపెట్టగానే అదే విషయాన్ని సదిశలు, ఆపరేటర్లు, మాత్రికల్లో చెప్పడం మొదలుపెడతారు. ఇక్కడ ఆట నియమాలు మారాయని తరగతిలో ఎవరూ గట్టిగా చెప్పరు. విద్యార్థి మాత్రం ప్రతి లెక్కలోనూ పాత అలవాటు ప్రకారం తరంగ ప్రమేయాన్నే వెతుక్కుంటూ ఉంటాడు. కింద చెప్పిన వరుస అంతా ఈ ఒక్క అలవాటును మార్చడానికే.

ఒక చిన్న మాట. సమీకరణాలను ఇక్కడ మాటల్లోనే రాశాను. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని మీరే గుర్తుల్లోకి మార్చుకోండి. ఆ పని చేయకుండా చదివితే దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

1. ముందు మీ పునాది చూసుకోండి

ఒక గంట సమయం పెట్టుకుని, పుస్తకం మూసి, ఈ పనులు చేయండి.

☐ రెండు వరుసల హెర్మీషియన్ మాత్రిక ఒకటి రాసుకుని దాని ఐగెన్ విలువలు, నార్మలైజ్ చేసిన ఐగెన్ సదిశలు కనుక్కోవాలి. మాత్రికలో ఒక సంకీర్ణ సంఖ్య తప్పనిసరిగా ఉండాలి.
☐ గాసియన్ ఇంటిగ్రల్, ఆపైన అదే గాసియన్‌ను ఎక్స్ వర్గంతో, ఎక్స్ నాలుగో ఘాతంతో గుణించి చేసే ఇంటిగ్రల్స్.
☐ గాసియన్ ఫోరియర్ పరివర్తనం.
☐ గోళ నిరూపకాల్లో ఘనపరిమాణ మూలకం రాసి, ఆర్ మీద ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గే ప్రమేయాన్ని నార్మలైజ్ చేయడం.
☐ సరళ హరాత్మక డోలకానికి హామిల్టోనియన్ రాసి, చలన సమీకరణాలు రాబట్టడం.
☐ ఒక వర్గమూలాన్ని టేలర్ శ్రేణిలో మూడో పదం దాకా విస్తరించడం.

ఆరింటిలో ఐదు వస్తే ముందుకు వెళ్లండి. మూడో నాలుగో వస్తే రెండు వారాలు ఈ గణితం మీదే కూర్చోండి. అంతకన్నా తక్కువైతే సిగ్గుపడాల్సిన పని లేదు కానీ సిలబస్‌తో పాటు పరుగెత్తాలని చూడకండి. అది నేల విడిచి సాము చేయడమే.

2. సరంజామా

పుస్తకాలు: నడిపించడానికి ఒకటి, ఆసరాకు ఒకటి, అప్పుడప్పుడు తిరగేయడానికి ఒకటి. అంతే. నాలుగు పుస్తకాలు బల్ల మీద పేర్చుకున్నవాడు నాలుగింటిలోనూ మొదటి అధ్యాయమే చదువుతాడు.

డిగ్రీ స్థాయి విషయం గట్టిగా లేనివారికి గ్రిఫిత్స్ సరిపోతుంది. తరంగ ప్రమేయంతో మొదలవుతుంది కాబట్టి పరిచయమున్న దారే. పీజీ స్థాయికి శంకర్ నా ఎంపిక. గణితం కోసం మొదటి అధ్యాయమంతా కేటాయించాడు, దాన్ని దాటవేయకండి. సకురాయ్ పుస్తకం స్టెర్న్–గెర్లాక్ ప్రయోగంతోనే (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల పుంజం రెండుగా చీలడం) నేరుగా స్పిన్‌లోకి దిగుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకం అదే. గొప్ప పుస్తకమే, కానీ లీనియర్ ఆల్జీబ్రా చేతికి అలవాటు కాకముందు తెరిస్తే తల ప్రాణం తోకకు వస్తుంది. కోహెన్–తనూజీ సంపుటాలను గ్రంథాలయంలోనే ఉంచి, సందేహం వచ్చినప్పుడు వెళ్లి చూసుకోండి.

వీడియోలు: ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో, ఐఐటీ మద్రాసులో బోధించిన ప్రొఫెసర్ బాలకృష్ణన్ పాఠాలు ఉన్నాయి. నెమ్మదిగా సాగుతాయి, లోతుగా ఉంటాయి. ఆయన బోర్డు మీద ఒక వరుస రాయగానే వీడియో ఆపి, తర్వాతి వరుస మీరు రాయండి. తర్వాతే మళ్లీ నడిపించండి. పాఠాన్ని సినిమాలా చూస్తే మిగిలేది సినిమా చూసిన జ్ఞాపకమే.

నోటుపుస్తకాలు మూడు. ఒకదానిలో నిరూపణలు, ఒకదానిలో లెక్కలు, మూడోది తప్పుల పుస్తకం. మూడోది ఎలా వాడాలో కింద చెబుతాను. మూడింటిలో విలువైనది అదే.

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారికి ఒక సూచన. చదవడం ఇంగ్లిషులో తప్పదు. చదివినదాన్ని మాత్రం పుస్తకం మూసి, తెలుగులో, పైకి వినిపించేలా పక్కవాడికి చెప్పండి. ఎవరూ లేకపోతే గోడకు చెప్పండి. "ఈ ఆపరేటర్ ఈ స్థితిని ఏం చేస్తోంది?" అనే ప్రశ్నకు మన మాటల్లో జవాబు చెప్పలేకపోయామంటే, ఇంగ్లిషు వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నామే తప్ప విషయం పట్టుబడలేదన్నమాట.

సమయం: రోజుకు గంటన్నర. అందులో గంట పెన్ను కదులుతూ ఉండాలి. ఆదివారం ఏడెనిమిది గంటలు కూర్చుని మిగతా వారమంతా ముట్టుకోకపోవడం ఈ సబ్జెక్టుకు పనికిరాదు.

3. మొదటి రెండు వారాలు: లీనియర్ ఆల్జీబ్రా, బ్రా–కెట్

బ్రా–కెట్ అంటే స్థితిని సదిశగా రాసే గుర్తులు: కెట్ స్థితి, బ్రా దాని సంయుగ్మ రూపం. నేర్చుకోవాల్సింది ఒకటే: స్థితి ఒకటి, దాన్ని రాసుకునే బేసిస్‌లు అనేకం. తరంగ ప్రమేయమంటే ఆ స్థితిని స్థాన బేసిస్‌లో రాసినప్పుడు వచ్చే అంశాల పట్టిక. ద్రవ్యవేగ బేసిస్‌లో రాస్తే మరో పట్టిక వస్తుంది. ఫోరియర్ పరివర్తనం ఒక పట్టిక నుంచి మరో పట్టికకు వెళ్లే దారి.

చేయాల్సిన అభ్యాసం: ఏ లెక్కలోనైనా ఇరుక్కున్నప్పుడు మధ్యలో ఏకాంక ఆపరేటర్‌ను, అంటే పూర్తి బేసిస్ మొత్తాన్ని దూర్చడం. పీజీ లెక్కల్లో చాలావాటికి మొదటి కదలిక అదే. వందసార్లు చేస్తే చెయ్యి దానంతట అదే రాస్తుంది.

ఇక్కడ పప్పులో కాలు వేసే చోటు ఒకటుంది. ఆపరేటర్లన్నీ మాత్రికలే అని నమ్మి, స్థానం, ద్రవ్యవేగాల కమ్యుటేటర్ (రెండు క్రమాల్లో గుణించిన లబ్ధాల తేడా) సమీకరణానికి రెండువైపులా ట్రేస్ (వికర్ణ మూలకాల మొత్తం) తీయండి. పరిమిత మాత్రికలకు కమ్యుటేటర్ ట్రేస్ ఎప్పుడూ సున్నా. కుడివైపు హెచ్‌బార్‌తో (ప్లాంక్ స్థిరాంకాన్ని 2π తో భాగించిన విలువ) ఏకాంక మాత్రిక ఉంది, దాని ట్రేస్ సున్నా కాదు. సున్నా సున్నా కానిదానికి సమానమైంది! పరిమిత పరిమాణంలో ఆ కమ్యుటేటర్ సాధ్యమే కాదన్నది దీని అర్థం. అనంత పరిమాణంలోకి వెళ్లినప్పుడు జాగ్రత్త కావాలని ఈ చిన్న లెక్క చెప్పినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చెప్పదు.

4. తర్వాతి మూడు వారాలు: స్పిన్ సగం

బాక్సులు, గోడలకు ముందు ఇది చేయమంటే చాలామంది ఆశ్చర్యపోతారు. కారణం ఉంది. ఇక్కడ స్థితి అంటే రెండు సంఖ్యలే. ఇంటిగ్రల్ లేదు, అవకలన సమీకరణం లేదు. కొలత, సంభావ్యత, కాలంతో మార్పు, కమ్యుటేటర్ అన్నీ రెండు వరుసల మాత్రికలోనే ఇమిడిపోతాయి. నియమాలు ఇక్కడ పట్టుబడకపోతే హైడ్రోజన్‌లో అసలు పట్టుబడవు.

చేయాల్సిన వరుస:

☐ మూడు పాలీ మాత్రికలు రాసి, కమ్యుటేటర్లన్నీ చేతితో సరిచూడడం.
☐ ఏ దిశలోనైనా స్పిన్ ఆపరేటర్ రాసి, దాని ఐగెన్ స్థితులు కనుక్కోవడం.
☐ వరుసగా మూడు స్టెర్న్–గెర్లాక్ పరికరాలు: జెడ్, ఎక్స్, మళ్లీ జెడ్. మొదటి పరికరంలో 'పైకి' వచ్చిన పరమాణువులనే తీసుకుని, రెండోదానిలో ఒక పాయనే వదిలితే, మూడోదానిలో 'కిందికి' వచ్చేవి నాలుగో వంతు అని రావాలి.
☐ జెడ్ దిశలో అయస్కాంత క్షేత్రం పెట్టి, ఎక్స్ దిశ స్పిన్ సగటు విలువ కాలంతో ఎలా తిరుగుతుందో రాబట్టడం.

సాధారణంగా దొర్లే తప్పు: జెడ్ దిశలో ఉన్న స్పిన్‌ను మరో కోణంలో కొలిస్తే 'పైకి' వచ్చే సంభావ్యత సగం కోణపు కొసైన్ వర్గం. విద్యార్థులు పూర్తి కోణం రాసేస్తారు. సరిచూసుకోవడానికి 180 డిగ్రీలు పెట్టండి. పరికరాన్ని తలకిందులు చేశాం కాబట్టి సున్నా రావాలి. పూర్తి కోణం రాస్తే ఒకటి వస్తుంది. తప్పు వెంటనే బయటపడుతుంది. ఇలా కొసల దగ్గర పరీక్షించడం ఇక్కడి నుంచే అలవాటు చేసుకోండి.

5. హార్మోనిక్ ఆసిలేటర్: రెండు వారాలు, హెర్మైట్ బహుపదులు లేకుండా

హెర్మైట్ బహుపదులతో ఒకసారి చేసి ఉంటారు. చాలు. ఇప్పుడు మొత్తం నిచ్చెన ఆపరేటర్లతోనే చేయాలి. వాటి పేర్లు పైకెక్కించేది, కిందికి దించేది. వాటి కమ్యుటేటర్ ఒకటి. తెలియాల్సింది అంతే.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. ఎక్స్ నాలుగో ఘాతం సగటు విలువ కావాలి. ఎక్స్ అంటే రెండు ఆపరేటర్ల మొత్తం కాబట్టి నాలుగో ఘాతం విస్తరిస్తే 16 పదాలు వస్తాయి. కంగారు పడకండి. సగటు విలువ కావాలంటే ఎన్ని మెట్లు ఎక్కితే అన్ని మెట్లు దిగాలి. అంటే రెండు ఎక్కడాలు, రెండు దిగడాలు ఉన్న పదాలే మిగులుతాయి. అవి ఆరు.

అత్యల్ప శక్తి స్థితిలో అయితే ఇంకా తేలిక. ఆపరేటర్లు కుడి నుంచి పని మొదలుపెడతాయి. అట్టడుగు మెట్టు నుంచి దిగడం కుదరదు కాబట్టి కుడి చివర ఎక్కించేదే ఉండాలి. అదే కారణంతో ఎడమ చివర దించేదే ఉండాలి. ఆరింటిలో రెండే మిగిలాయి. ఎక్కు, ఎక్కు, దిగు, దిగు అన్నది 2 ఇస్తుంది. ఎక్కు, దిగు, ఎక్కు, దిగు అన్నది 1 ఇస్తుంది. మొత్తం 3. దీన్ని ఎక్స్ వర్గపు సగటు విలువ వర్గంతో గుణిస్తే జవాబు.

ఇప్పుడు సరిచూసుకోవాలి. అత్యల్ప స్థితి గాసియన్. గాసియన్‌కు నాలుగో ఘాతపు సగటు, విస్తృతి (వేరియన్స్) వర్గానికి మూడు రెట్లని సంభావ్యతా శాస్త్రంలో చదివినదే. కలిసింది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరే ఈ అలవాటు వస్తే సగం కోర్సు అయిపోయినట్టే. సాధారణ ఎన్‌కు ఆరు పదాలూ కలిపితే 3 బదులు 6 ఎన్ వర్గం, 6 ఎన్, 3ల మొత్తం రావాలి. అది మీ పని.

6. బావులు, అడ్డుగోడలు: త్వరగా ముగించండి

డిగ్రీలో చేసినవే. డెల్టా పొటెన్షియల్ మాత్రం కొత్తగా చేయండి. అక్కడ తరంగ ప్రమేయం అవిచ్ఛిన్నం, అవకలజం మాత్రం గెంతుతుంది. ఆకర్షించే ఒక్క డెల్టాకు ఒకే ఒక్క బంధిత స్థితి. రెండు డెల్టాలు పక్కపక్కన పెట్టి సమ, విషమ స్థితులు విడదీయడం పరీక్షల్లో తరచూ కనిపించే లెక్క. వారం చాలు.

7. ఒక లెక్కను మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలి

నేను ప్రతి బ్యాచ్‌కూ ఇచ్చే లెక్క ఇది. అనంత గోడల బాక్సు, వెడల్పు ఎల్. కణం స్థితి ఎక్స్ ఇంటూ ఎల్ మైనస్ ఎక్స్‌కు అనులోమంగా ఉంది, అంటే రెండు గోడల దగ్గరా సున్నా అయ్యే పరావలయం. శక్తి సగటు విలువ, విస్తృతి కనుక్కోవాలి.

మెట్టు ఒకటి: ముందే అంచనా వేయండి. ఈ పరావలయం మొదటి ఐగెన్ స్థితి అయిన సైన్ వక్రంలాగే ఉంది. కాబట్టి సగటు శక్తి అత్యల్ప శక్తికి కొంచెం పైన ఉండాలి. హెచ్‌బార్ వర్గం బై ద్రవ్యరాశి, ఎల్ వర్గం అనే ప్రమాణంలో అత్యల్ప శక్తి పై (π) వర్గంలో సగం, అంటే 4.93.

మెట్టు రెండు: నార్మలైజ్ చేయండి. స్థిరాంకం వర్గం 30 బై ఎల్ ఐదో ఘాతం.

మెట్టు మూడు: సగటు శక్తి. రెండో అవకలజం ఒక స్థిరాంకం. ఇంటిగ్రల్ చేస్తే సరిగ్గా 5. అంచనాకు తగ్గట్టే ఉంది.

మెట్టు నాలుగు: విస్తృతికి శక్తి వర్గపు సగటు కావాలి. హామిల్టోనియన్‌ను రెండుసార్లు ప్రయోగించాలి, అంటే నాలుగో అవకలజం. పరావలయానికి నాలుగో అవకలజం సున్నా. కాబట్టి శక్తి వర్గపు సగటు సున్నా, విస్తృతి మైనస్ 25.

ఆగండి. విస్తృతి రుణాత్మకం కాదు. ఇక్కడ సగంమంది లెక్కను ఇంకోసారి మొదటి నుంచి చేస్తారు, మళ్లీ అదే వస్తుంది. లెక్కలో తప్పు లేదు, అడుగులో ఉంది. హామిల్టోనియన్‌ను ఒకసారి ప్రయోగిస్తే వచ్చింది స్థిరాంక ప్రమేయం. అది గోడల దగ్గర సున్నా కాదు. ఆ ప్రమేయం మీద హామిల్టోనియన్‌ను మామూలు అవకలజంలా మళ్లీ ప్రయోగించే హక్కు మనకు లేదు. సరైన దారి: హామిల్టోనియన్‌లలో ఒకదాన్ని ఎడమవైపు బ్రా మీదికి పంపి, వచ్చిన సదిశ పొడవు వర్గం తీసుకోవడం. అప్పుడు 30 వస్తుంది. విస్తృతి 30 మైనస్ 25, అంటే 5.

మెట్టు ఐదు: మరో దారిలో సరిచూడండి. పరావలయాన్ని సైన్‌లలో విస్తరిస్తే బేసి ఎన్‌లే వస్తాయి, గుణకాలు ఎన్ ఘనానికి విలోమంగా తగ్గుతాయి. మొదటి స్థితిలో దొరికే సంభావ్యత 960 బై పై ఆరో ఘాతం, సుమారు 0.9986. మన మొదటి అంచనా ఎందుకు అంత దగ్గరగా వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

అంచనా, గణన, అనుమానం, రెండో దారి. ప్రతి లెక్కకూ ఈ నాలుగూ ఉండాలి. మన విద్యార్థులు రెండోది ఒక్కటే చేస్తారు.

8. కోణీయ ద్రవ్యవేగం, హైడ్రోజన్: నాలుగు వారాలు

గోళీయ హార్మోనిక్స్ పట్టికతో మొదలుపెట్టకండి. మూడు కమ్యుటేటర్లు మాత్రమే తెలుసనుకుని, నిచ్చెన కట్టి, జె విలువలు పూర్ణాంకాలో అర్ధపూర్ణాంకాలో ఎందుకు కావాలో రాబట్టండి. తర్వాత జె ఒకటికి మూడు వరుసల మాత్రికలు మూడూ చేతితో రాయండి.

కోణీయ ద్రవ్యవేగాల కూడిక దగ్గర చాలామంది క్లెబ్ష్–గోర్డాన్ పట్టిక వెతుక్కుంటారు. పట్టిక లేకుండా చేసే పద్ధతి:

☐ స్థితులు లెక్కపెట్టండి. ఒకటి, సగం కూడితే మూడు ఇంటూ రెండు, ఆరు. ఇవి నాలుగు, రెండుగా విడిపోవాలి.
☐ అన్నిటికన్నా పై స్థితి రాయండి. అది ఒకే విధంగా రావడానికి వీలుంది.
☐ దించే ఆపరేటర్ రెండువైపులా ప్రయోగించండి. గుణకాలు మూడో వంతు వర్గమూలం, మూడింట రెండు వంతుల వర్గమూలం వస్తాయి.
☐ దానికి లంబంగా ఉన్నది రెండో కుటుంబంలో పై స్థితి.

రెండు స్పిన్‌ల బిందు లబ్ధం కనిపిస్తే మాత్రికలు గుణించకండి. మొత్తం స్పిన్ వర్గం నుంచి విడివిడి వర్గాలు తీసి సగం చేయండి. హెచ్‌బార్ వర్గం ప్రమాణంలో త్రిపుటికి (మొత్తం స్పిన్ ఒకటి) పావు, ఏకస్థితికి (మొత్తం స్పిన్ సున్నా) మైనస్ ముప్పావు. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్, ప్రోటాన్ స్పిన్‌ల మధ్య ఈ తేడా వల్లే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, రేడియో ఖగోళశాస్త్రంలో అందరూ వాడే 21 సెంటీమీటర్ల రేఖ వస్తుంది. ఒక వరుస లెక్క అంత దూరం వెళ్తుంది.

హైడ్రోజన్ రేడియల్ సమీకరణాన్ని జీవితంలో ఒక్కసారి పూర్తిగా చేయండి. తర్వాత గుర్తుంచుకోవాల్సింది తక్కువ: అయనీకరణ శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, బోర్ వ్యాసార్ధం 0.529 ఆంగ్‌స్ట్రామ్‌లు, స్పిన్ కలిపితే 2 ఎన్ వర్గం స్థితులు, స్థితిజశక్తి సగటు మొత్తం శక్తికి రెట్టింపు.

9. ఉజ్జాయింపు పద్ధతులు: అసలు మార్కులు పోయేది ఇక్కడే

పెర్టర్బేషన్ లెక్క (తెలిసిన హామిల్టోనియన్‌కు చిన్న మార్పు కలిపినప్పుడు శక్తి ఎంత జరుగుతుందో చూసేది) చూడగానే సూత్రం రాయకండి. ముందు అడగాల్సిన ప్రశ్న: "ఈ శక్తి దగ్గర ఎన్ని స్థితులున్నాయి?" నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఈ ప్రశ్న అడగకుండా స్టార్క్ లెక్క (విద్యుత్ క్షేత్రంలో పరమాణువు శక్తి స్థాయిలు) చేసి, మొదటి ఆర్డర్ సవరణలో సున్నా, రెండో ఆర్డర్‌లో హారంలో సున్నా తెచ్చుకుని, పేజీ మొత్తం కొట్టేశాను. ఆ పేజీ ఇంకా నా తప్పుల పుస్తకంలో ఉంది.

సరిగా చేస్తే ఇలా ఉంటుంది. హైడ్రోజన్‌లో ఎన్ రెండు దగ్గర, స్పిన్ పక్కన పెడితే, నాలుగు స్థితులు: ఒక ఎస్, మూడు పీ. జెడ్ దిశలో విద్యుత్ క్షేత్రం. నాలుగు వరుసల మాత్రికలో 16 గళ్లు. ఇంటిగ్రల్ ముట్టుకోకముందే కొట్టివేత మొదలుపెట్టండి. పారిటీ వల్ల వికర్ణం మీదవన్నీ, పీ–పీ మధ్యవన్నీ పోతాయి. జెడ్ చుట్టూ సౌష్ఠవం వల్ల వేర్వేరు ఎమ్‌ల మధ్యవి పోతాయి. మిగిలింది ఎస్‌కు, ఎమ్ సున్నా ఉన్న పీకి మధ్య ఒక్క జత. ఒకే ఒక్క ఇంటిగ్రల్. దాని పరిమాణం ఎలక్ట్రాన్ ఆవేశం, క్షేత్రం, బోర్ వ్యాసార్ధాల లబ్ధానికి మూడు రెట్లు. స్థాయిలు మూడుగా విడిపోతాయి: ఒకటి పైకి, ఒకటి కిందికి, రెండు ఉన్నచోటే.

వేరియేషనల్ పద్ధతికి హీలియం తప్పక చేయండి. ఎలక్ట్రాన్‌ల మధ్య వికర్షణ వదిలేస్తే మైనస్ 108.8 ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటి ఆర్డర్ సవరణ 34 కలిపితే మైనస్ 74.8. కేంద్రక ఆవేశాన్నే మార్చగలిగే సంఖ్యగా పెట్టి కనిష్ఠం చేస్తే ఆవేశం 27 బై 16, శక్తి మైనస్ 77.5. ప్రయోగంలో మైనస్ 79.0. ఈ పద్ధతిలో వచ్చే జవాబు ఎప్పుడూ అసలు విలువకు పైనే ఉండాలి. మీకు మైనస్ 80 వచ్చిందంటే ఎక్కడో ఇంటిగ్రల్ తప్పింది, వెతకండి.

డబ్ల్యూకేబీలో (పొటెన్షియల్ నెమ్మదిగా మారేచోట వాడే ఉజ్జాయింపు) గోడలు లెక్కపెట్టడమే కీలకం. ఎన్ సున్నా నుంచి మొదలైతే, కణం వెనుదిరిగే రెండు మలుపులూ మెత్తనివైతే ఎన్‌కు సగం కలపాలి. ఒకటి గట్టి గోడైతే ముప్పావు. రెండూ గట్టివైతే ఒకటి.

10. చివరి ఐదు వారాలు: సర్వసమ కణాలు, కాలంతో మారే పొటెన్షియల్, పరిక్షేపణం

సర్వసమ కణాల దగ్గర ఒక్క అభ్యాసం చాలు: బాక్సులో పరస్పర చర్య లేని రెండు ఎలక్ట్రాన్‌లు. అత్యల్ప స్థాయిలో ఒకే స్థితి, ఏకస్థితి. తర్వాతి స్థాయిలో నాలుగు. ప్రతిదానికీ స్థాన భాగం, స్పిన్ భాగం విడిగా రాసి, మొత్తం వ్యతిసౌష్ఠవంగా ఉందో లేదో చూడండి. స్థాన భాగమే వ్యతిసౌష్ఠవం కావాలని పట్టుబట్టడం మామూలు పొరపాటు.

కాలంతో మారే పెర్టర్బేషన్‌లో ఫెర్మీ బంగారు నియమాన్ని చూసిన ప్రతిచోటా వాడేస్తారు. చేరే స్థితులు అవిచ్ఛిన్నంగా, దట్టంగా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. రెండు స్థాయిల వ్యవస్థకు రాబీ సూత్రం కచ్చితంగా వస్తుంది. ముందు అది చేసి, తక్కువ కాలానికి పెర్టర్బేషన్ జవాబుతో పోల్చండి.

పరిక్షేపణంలో యుకావా పొటెన్షియల్‌కు బోర్న్ ఉజ్జాయింపు చేసి, దాని వ్యాప్తిని అనంతం చేస్తే రూథర్‌ఫోర్డ్ సూత్రం రావాలి. మరో చిక్కు: మొదటి బోర్న్ ఆంప్లిట్యూడ్ వాస్తవ సంఖ్య కాబట్టి మొత్తం అడ్డుకోతను (క్రాస్ సెక్షన్) ముందుదిశ ఆంప్లిట్యూడ్ కల్పిత భాగంతో ముడిపెట్టే ఆప్టికల్ సిద్ధాంతంలో పెడితే అడ్డుకోత సున్నా అని వస్తుంది. సిద్ధాంతం తప్పు కాదు. మొత్తం అడ్డుకోత రెండో ఆర్డర్ విషయం, ఆంప్లిట్యూడ్‌ను కూడా రెండో ఆర్డర్ దాకా తీసుకెళ్లాలి.

11. తప్పుల పుస్తకం ఎలా రాయాలి

ప్రతి తప్పుకూ మూడు వరుసలు: ఏం రాశాను, ఏది సరి, ఏ పరీక్ష చేసి ఉంటే ముందే తెలిసేది. మూడో వరుస లేని తప్పు మళ్లీ వస్తుంది. నెలకోసారి మొత్తం తిరగేయండి. చాలామందికి తప్పులు నాలుగైదు రకాలే ఉంటాయి. తరచూ కనిపించేవి:

• నార్మలైజ్ చేయకుండా సగటు విలువ తీయడం. మందు: మొదటి వరుసలోనే సంభావ్యతల మొత్తం ఒకటి అని రాసి చూడడం.
• కెట్‌ను బ్రాగా మార్చినప్పుడు సంయుగ్మం మరిచిపోవడం. మందు: సగటు విలువ సంకీర్ణంగా వస్తే అక్కడే ఆగడం.
• ఐగెన్ స్థితి కాని స్థితి మొత్తానికి ఒకే కాల ఫేజ్ తగిలించడం. మందు: ముందు శక్తి బేసిస్‌లో విస్తరించడం, ప్రతి అంశానికీ దాని ఫేజ్ ఇవ్వడం.
• కమ్యుటేటర్‌లో వరుస మార్చేయడం. మందు: పక్కన ఒక పరీక్షా ప్రమేయం రాసి దాని మీద ప్రయోగించడం.
• ప్రమాణాలు చూడకపోవడం. మందు: హెచ్‌బార్‌ను ఒకటిగా పెట్టుకున్నా, చివర్లో దాన్ని తిరిగి పెట్టడం.

12. సీఎస్ఐఆర్ నెట్ రాసేవారికి

భౌతిక శాస్త్రాల పేపరు మూడు గంటలు, 200 మార్కులు. అందులో సగం, అంటే 100 మార్కులు, సి భాగంలోనివి. ఒక్కో ప్రశ్నకు ఐదు మార్కులు, 30లో 20 రాయాలి. తప్పు జవాబుకు కోత ఉంది. పైన చెప్పిన అలవాట్లు ఇక్కడ నేరుగా పనికొస్తాయి. నాలుగు ఐచ్ఛికాల్లో ప్రమాణాలు కుదరనివి, కొసల దగ్గర తప్పేవి కొట్టేస్తే తరచూ రెండే మిగులుతాయి.

సంఖ్యలు అడిగే ప్రశ్నలకు ఎస్ఐ ప్రమాణాల్లో పది ఘాతాలతో కుస్తీ పట్టకండి. రెండు సంఖ్యలు కంఠస్థం చేయండి: హెచ్‌బార్, కాంతి వేగాల లబ్ధం 197.3 ఎలక్ట్రాన్ వోల్ట్ నానోమీటర్లు, ఎలక్ట్రాన్ నిశ్చల శక్తి 5.11 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక నానోమీటరు బాక్సులో ఎలక్ట్రాన్ అత్యల్ప శక్తి ఎంత? పై వర్గం ఇంటూ 197.3 వర్గం, దాన్ని 10.22 లక్షలతో భాగించండి: 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. అర నిమిషం పని.

13. ఇరుక్కున్నప్పుడు

ఒక లెక్క 40 నిమిషాలు కదలకపోతే ఈ వరుసలో వెళ్లండి.

☐ అదే లెక్కను రెండు స్థితుల వ్యవస్థకు కుదించి చేయండి.
☐ బేసిస్ మార్చండి.
☐ సౌష్ఠవం ఏమిటో ఒక వాక్యంలో రాయండి. ఏ ఆపరేటర్ హామిల్టోనియన్‌తో కమ్యూట్ అవుతోంది?
☐ జవాబు తెలిసిన కొసకు వెళ్లండి: పొటెన్షియల్ సున్నా, క్షేత్రం సున్నా, ఎన్ చాలా పెద్దది.
☐ అప్పటికీ రాకపోతే పరిష్కారంలో ఒక్క వరుస చూసి మూసేయండి. మిగతాది మీరే చేయండి. మరుసటి ఉదయం మొత్తం తెల్ల కాగితం మీద మళ్లీ చేయండి.

ఆ చివరి వాక్యాన్ని అందరూ ఒప్పుకుంటారు, పాటించేది కొందరే. పరిష్కారం చూసి 'ఓహో' అనుకున్న లెక్క మరుసటి ఉదయం ఎన్నో వరుస దగ్గర ఆగుతుందో, మీకు రానిది సరిగ్గా అక్కడే ఉంది. ఆ వరుసను తప్పుల పుస్తకంలోకి ఎక్కించి తర్వాతి లెక్కకు వెళ్లండి.